పోటీ రోజు దాకా ఆర్కిడ్ పూకాడ వాడకుండా ఉండాలంటే...

ఫల పుష్ప ప్రదర్శనకు డెండ్రోబియం ఆర్కిడ్ పూకాడలు ఎలా తీసుకెళ్లాలో ఈ వీడియోలో చూపించాను. ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

మన సాగంతా సూక్ష్మజీవుల మీదే నడుస్తుంది. కానీ పూకాడ కోసిన క్షణం నుంచి లెక్క తిరగబడుతుంది. నీళ్లలో బ్యాక్టీరియా పెరిగితే కాడలోని సన్నటి నాళాలు మూసుకుపోతాయి. గ్లాసు నిండా నీళ్లున్నా పువ్వు వాడిపోతుంది. "మొక్కకు పోసే జీవామృతం పూలకు మాత్రం మంచిది కాదా అన్నా?" అని అడుగుతుంటారు. కాదండి. ఆ నీళ్లలో జీవామృతం చుక్క కూడా పడకూడదు.

కోత: కాడలో నాలుగింట మూడు వంతుల పూలు విచ్చాకే, తెల్లవారి చల్లపూట కోస్తాను. ముందే కోస్తే మిగతా మొగ్గలు సరిగా విచ్చుకోవు. కత్తిని ప్రతి మొక్కకూ మంట మీద కాల్చి చల్లార్చాలి. లేకపోతే ఒక మొక్కలోని వైరస్ ఇంకో మొక్కకు అంటుకుంటుంది.

నీళ్లు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలుపుతాను. పంచదార పువ్వుకు ఆహారం, కానీ బ్యాక్టీరియాకు కూడా ఆహారమే. దాన్ని అదుపులో పెట్టడానికే నిమ్మ పులుపు. రోజూ గిన్నె కడిగి, నీళ్లు మార్చి, కాడ చివర ఒక సెంటీమీటరు నీళ్లలో ఉంచే ఏటవాలుగా కోయాలి.

ఫ్రిజ్ వద్దు: డెండ్రోబియం వేడి ప్రాంతపు మొక్క. 10 డిగ్రీల కంటే తక్కువ చలి తగిలితే పూలు దెబ్బతింటాయి. గాలి ఆడే చల్లటి నీడగది చాలు.

పండ్లకు దూరం: మాగే అరటి, మామిడి నుంచి ఇథిలిన్ వాయువు వస్తుంది. అది తగిలితే పూలు త్వరగా వాడతాయి, మొగ్గలు రాలతాయి. పండ్లూ పూలూ ఒకే బండిలో వేయకండి.

తేనెటీగలు మనకు నేస్తాలే. కానీ పుప్పొడి అంటిన ఆర్కిడ్ పువ్వు తన పని అయిపోయినట్టు తొందరగా ముడుచుకుపోతుంది. అందుకే పోటీకి అనుకున్న కాడలకు మొగ్గ దశలోనే పల్చటి వలగుడ్డ కడతాను.

ప్రయాణంలో ప్రతి కాడకూ నీళ్లు నింపిన చిన్న గొట్టం తొడగాలి. రేకుల మీద మాత్రం తడి ఉండకూడదు, మచ్చలు పడతాయి.

జడ్జి మన ఎరువు ఏమిటని అడగరు. మచ్చ ఉందా, కాడలో పువ్వు రాలి ఖాళీ ఉందా, రేకు బిగువుగా ఉందా అనే చూస్తారు. ప్రకృతి సాగు కదా అని ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయరు. నెలల కష్టం ఈ చివరి రెండు రోజుల్లోనే నిలబడాలి.