పొగగొట్టము చెంత కొలత

సబ్బు, గాజు, బట్టల పరిశ్రమలకు సోడా అత్యవసరము. 19వ శతాబ్దమున ఇంగ్లండులో దానిని లెబ్లాంక్ పద్ధతిచే ఉప్పునుండి తయారుచేయుచుండిరి. ఉప్పును గంధకికామ్లముతో వేడిచేసినప్పుడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. దానిని పొగగొట్టములగుండా గాలిలోనికి వదలెడివారు. అది గాలిలోని తేమతో కలిసి హైడ్రోక్లోరికామ్లమై, సెయింట్ హెలెన్స్ వంటి పట్టణముల చుట్టుపట్ల చెట్లను, పైరులను మాడ్చివేసెను.

నష్టపడిన రైతు న్యాయస్థానమునకు పోవచ్చును. కాని పది గొట్టములున్నచోట తన పైరును మాడ్చినది ఏ గొట్టపు వాయువో అతడు రుజువు చేయుట ఎట్లు?

ఈ వాయువు నీటిలో మిక్కిలి సులభముగా కరగును. ఈ గుణము ఆధారముగా 1836లో విలియం గాసేజ్ ఒక గోపురమును రూపొందించెను. అందు పైనుండి నీరు జాలువారుచుండగా వాయువు దానిలో కరగిపోవును. సాధనమున్నను అందరును దానిని సరిగా వాడలేదు. 1862లో ప్రభువుల సభాసంఘము విచారణ జరిపెను. మరుసటి సంవత్సరము ఆల్కలీ చట్టము వచ్చెను. వాయువులో నూటికి 95 వంతులు పట్టితీరవలెనని అది శాసించెను. ఇక రైతు రుజువు కొరకు ప్రభుత్వము ఆగనక్కరలేదు. తనిఖీ అధికారి కర్మాగారముననే కొలుచును. రసాయన శాస్త్రజ్ఞుడగు రాబర్ట్ ఆంగస్ స్మిత్ మొదటి ప్రధానాధికారి.

అయినను లోపములు బయటపడినవి. కర్మాగారములు పెరుగగా, మిగిలిన 5 వంతులే పెద్ద మొత్తమయ్యెను. అదిగాక 95 వంతుల లెక్క తేలవలెనన్న, ఎంత ఉప్పు వాడిరో తెలియవలెను. 1874 సవరణ, గొట్టమున పోవు ఘనపుటడుగు వాయువులో ఆమ్లము 0.2 గ్రెయినుకు, అనగా ఘనమీటరునకు సుమారు 0.46 గ్రాములకు, మించరాదనెను. దీనికి గొట్టములోని వాయువును పరీక్షించిన చాలును. గోపురములలో పట్టిన ఆమ్లమును కొందరు వాగులలోనికి వదలిరి. నదుల కాలుష్యమునకు 1876లో వేరొక చట్టము కావలసివచ్చినది.

ఇండ్లలో చలికాచుకొనుటకు మండించు బొగ్గు మాత్రము ఈ చట్టములకు లోబడలేదు. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండనును కప్పిన పొగమంచు వలన సుమారు 4,000 మంది మరణించిరని నాటి అంచనా. తరువాతి పరిశోధకులు 12,000 వరకు చెప్పిరి. ఆ పిమ్మట 1956లో వచ్చిన పరిశుభ్రవాయు చట్టము ఇంటి పొగను కూడ అదుపులోనికి తెచ్చెను.

మన దేశమున 1981 నాటి వాయుకాలుష్య చట్టము, వెలువడు వాయువులకు పరిమితులు నిర్ణయించు అధికారమును రాష్ట్రముల కాలుష్య మండళ్లకు ఇచ్చినది. పైరు మాడువరకు వేచియుండక, గొట్టము చెంతనే కొలువవలెనన్న 1863 నాటి సూత్రమే అందును కలదు.