లొట్టిలో కల్లు, పీపాలో బీరు

రండర్రా, ఇలా చాప మీదికి రండి. చిన్నాడు పొద్దుటి నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు, "తాతయ్యా, అమెరికాలో అన్నయ్య బీరు కాచి విస్కీ పీపాలో పోసి పెట్టాడట, నెలల తరబడి ఉంటే పాడవదా?" అని. మీ నానమ్మ అప్పుడే నా వైపు కొరకొరా చూస్తోంది. ఇది తాగుడు కబురు కాదే, కంటికి ఆనని జీవాల కబురు. నువ్వూ విను!

తాటిచెట్టుకు కట్టిన లొట్టి చూశారుగా. లోపల సున్నం పూసి కడితే నీరా తియ్యగా దిగుతుంది. పూయకుండా రోజూ అదే లొట్టి కట్టారనుకోండి, దాని మట్టి కన్నాల్లో నిన్నటి ఈస్టూ బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. రసం బొట్టు పడగానే పని మొదలెడతాయి. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి నోట పెట్టలేని పులుపు. ఓక్ పీపా కూడా అంతే. గాజు సీసానైతే మరగబెట్టి కడుక్కుంటాం. చెక్కకు ఆ సుఖం లేదు. వైన్ పీపాల్ని కోసి చూస్తే 8 మిల్లీమీటర్ల లోతున కూడా ఈస్ట్ దొరికింది! పైపైన ఎంత తోమితే మాత్రం ఏం లాభం?

మరి మీ అన్నయ్యకు దిక్కెవరు? ఆ విస్కీయే. బోర్బన్ విస్కీని లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని అమెరికాలో చట్టం. ఒకసారి వాడిన పీపా మళ్ళీ దానికి పనికిరాదు. అందుకే కెంటకీ నుంచి ఖాళీ పీపాలు అమ్మకానికొస్తాయి. పెద్ద పీపాలో సుమారు 200 లీటర్లు పడుతుంది. విస్కీని పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాకా ఉండొచ్చు. వంపేశాక కూడా చెక్క తాగినది లీటర్ల కొద్దీ అందులోనే ఉంటుంది. అంత ఘాటులో క్రిములకు బతుకు కష్టం. అందుకే అప్పుడే ఖాళీ అయిన తడి పీపా దొరికితే, కడగబోయి ఆ కాపలాను తరిమేసుకోకూడదు. బీరు ముందే సిద్ధం చేసుకుని, పీపా ఇంటికి రాగానే నింపెయ్యాలి. పక్కన పడేస్తే చెక్క ఎండి, పలకల మధ్య సందులు పడతాయి. కాపలా పోతుంది, గాలి దూరుతుంది. అప్పుడిక వేడినీళ్ళు పోసి ఉబ్బించుకోవాల్సిందే.

ఒక్కమాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. వైన్ పీపాల్లో గంధకం వత్తి వెలిగించే అలవాటుంది. తడి విస్కీ పీపాలో మాత్రం ఆ పని చెయ్యకూడదు. ఆల్కహాల్ ఆవిరి భగ్గుమంటుంది!

నింపాక పోరంతా గాలితోనే. బీరును వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు గాలి లేందే గడవదు. కాబట్టి పీపా అంచుదాకా నింపాలి, ఇగిరిపోతే మళ్ళీ నింపాలి. ఎలా ఉందో చూద్దామని రోజూ బిరడా పీకితే అంతే సంగతులు! రుచి చూడ్డానికో చక్కటి ఉపాయముంది. పీపా ముందు పలకకు సన్నటి రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీలు మేకు కొడతారు. మేకు లాగితే దారంలా బీరు గ్లాసులోకి దూకుతుంది. చాలనుకోగానే మేకు బిగించెయ్యడమే. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ అనే బీరు కంపెనీ నడిపే విన్నీ సిలుర్జో పేరుతోనే దాన్ని విన్నీ మేకు అంటారు. నాకైతే యంత్రాలకన్నా ఇలాంటి మేకులే ముద్దు.

చిన్న పీపా అయితే తొందరగా దింపుకోవాలి. బీరు తక్కువ, దాన్ని తాకే చెక్క ఎక్కువ. లీటరు లెక్కన చూస్తే గాలి కూడా ఎక్కువే చొరబడుతుంది. పెద్ద పీపాలో నెలలు పట్టే పని దాన్లో వారాల్లోనే అయిపోతుంది.

ఇంత చేసినా పుల్లబడదని రాసివ్వలేం. చికాగోలో గూస్ ఐలండ్ అనే పెద్ద బీరు కంపెనీ బోర్బన్ పీపాల్లో ముదరబెట్టే బీరుకు పేరుమోసింది. 2015లో వాళ్ళ సీసాలు కొన్ని పుల్లబడ్డాయి. పరీక్షిస్తే లాక్టోబాసిల్లస్ అసిటోటోలరన్స్ అనే బ్యాక్టీరియా బయటపడింది. కొన్నవాళ్ళకు డబ్బు వెనక్కిచ్చి, మరుసటేడు నుంచి బీరును కాసేపు వేడిచేసి సీసాల్లో పట్టడం మొదలెట్టారు. ఘాటు, హాప్స్ పూల చేదు రెండూ ఉన్న బీరులోనే అది బతికిందంటే, ఎంత మొండిఘటమో చూడండి!

ఏమిట్రా చిన్నాడా, పుల్లబడ్డ పీపాను పొయ్యిలో పెడతారా అనా? అబ్బే. కాకపోతే అందులో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు చేరితే దాన్ని వదిలించడం కష్టం. మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరల్ని కూడా అది తినేస్తుంది, సీసా మూత తియ్యగానే నురగ చిమ్ముతుంది. 1904లో డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ శాస్త్రవేత్త క్లాసెన్ ఇంగ్లండు బీర్లకు వాటి ప్రత్యేకమైన వాసన దీనివల్లే వస్తోందని చెప్పాడు. ఇక బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరు కాచేవాళ్ళకైతే అది పీపాలో లేకపోతేనే దిగులు. అందుకే మీ అన్నయ్యకూ అదే చెప్పాను, పుల్లబడితే ఆ పీపాను పుల్లటి బీరుకే కేటాయించి, మామూలు బీరుకు ఇంకోటి కొనుక్కోమని.