ప్రభుత్వ ఋణము - వ్యంగ్య రచన

ప్రభుత్వ ఋణము కంటికి కానరాని వస్తువు. అప్పు తెచ్చువారు వేఱు, తీర్చువారు వేఱు. నడుమ నున్నవి చట్టములును లెక్కపుస్తకములును మాత్రమే. ఇట్టి విషయమునకు ఆకారము కల్పించుటయే వ్యంగ్యచిత్రము చేయు పని.

ఇంగ్లండులో సౌత్ సీ కంపెనీ 1720లో ప్రభుత్వ ఋణమును తన వాటాలుగా మార్చు పథకమును చేపట్టెను. ఆ యేటనే వాటాల ధర కూలి పెక్కురు నష్టపోయిరి. 1721లో హోగార్త్ ఈ వ్యవహారమును తిరునాళ్ళ రంగులరాట్నముగా చిత్రించెను; అందు స్వార్థము నిజాయితీని చక్రమునకు కట్టి హింసించుచుండును. 1797లో ఫ్రాన్సుతోడి యుద్ధకాలమున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నోట్లకు బంగారమిచ్చుట నిలిపివేయగా, గిల్రే దానిని ఒక ముదుసలిగా గీసెను. ఆమె ఉడుపు కాగితపు నోట్లు; ఆసనము ధనపు పెట్టె. ప్రధానమంత్రి పిట్ ప్రేమ నటించుచు ఆమె బంగారమునకు చేయి చాపుచుండును.

ఇందు గోదావరీ మండలమునకు ప్రసక్తి యేమి? 1858 నాటి చట్టముచే ఈస్టిండియా కంపెనీ ఋణములు భారతదేశపు ఆదాయముపై మోపబడినవి. గోదావరి రైతు చెల్లించిన శిస్తు ఆ ఆదాయములోనిదే. 1874లో కంపెనీ రద్దయినది. ఆ యేటనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'వివేకవర్ధని'ని స్థాపించి ఉద్యోగుల లంచగొండితనమును ఎండగట్టిరి. 1876లో 'హాస్యసంజీవని' వెలువడినది. లండనులో చిత్రకారుడు గీతచే చేసిన పనిని రాజమహేంద్రవరమున ప్రహసనకర్త పాత్రచే చేసెను. ధనము చేతులు మాఱు తీరును పాత్ర తన నోటనే బయటపెట్టుకొనును.

మఱియొక సంబంధమును గుర్తింపదగును. పంతులుగారి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' స్విఫ్టు రచించిన 'గలివరు యాత్రల'కు అనుసరణము. 1726 నాటి ఆ మూలమున మహాకాయుల రాజు గలివరును నిలదీయును: గృహస్థునివలె రాజ్యమును ఆదాయమునకు మించి వ్యయము చేయుట యెట్లు? ఋణదాతలెవరు? వారికి ధనమెక్కడినుండి చెల్లింతురు? హోగార్త్ చిత్రము వెలసిన ఐదేండ్లకు వచ్చిన ప్రశ్నలివి. తెలుగు అనుసరణమున ఈ ఘట్టము పొందిన మార్పులను మూలముతో పోల్చి చూచుట పరిశోధక విద్యార్థులకు తగిన పని.

హాస్యపత్రికలను వినోదమాత్రములని త్రోసిపుచ్చుట తగదని మా అభిప్రాయము. శిస్తు లెక్కలు చెల్లిన మొత్తమును తెలుపును. చెల్లించినవాని మనస్సును తెలుపవు. ఆ రెండవ సాక్ష్యము వ్యంగ్య రచనలలో లభించును. పాతపత్రికలు పొడియగుటకు ముందే దానిని సేకరించుట తెలుగు శాఖల విధి.