కొబ్బరి తోటలకు రెండు పెంకు పురుగుల బెడద – తేడా గుర్తిస్తేనే నివారణ

ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ, ఉద్దానం ప్రాంతాలలో వేలాది రైతు కుటుంబాలకు కొబ్బరి తోటలే జీవనాధారం. ఈ తోటలకు తీవ్ర నష్టం కలిగించే పురుగులలో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు ముఖ్యమైనవి. రెండూ పెంకు పురుగులే అయినను వేర్వేరు కుటుంబాలకు చెందినవి. వీటి జీవన విధానంలోని తేడాను బట్టి నివారణ పద్ధతులు కూడా మారుతాయి.

కొమ్ము పురుగు స్కారబేయిడే కుటుంబానికి చెందినది. నల్లని శరీరం, తలపై కొమ్ము దీని గుర్తులు. చెట్టుకు హాని చేసేది పెద్ద పురుగు మాత్రమే. ఇది మొవ్వులోనికి తొలుచుకొనిపోయి విచ్చుకోని ఆకులను కొరుకును. ఆ ఆకులు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్లు కనిపించును. పిల్ల పురుగులు పెంటకుప్పలలోను, కుళ్ళిన కొబ్బరి మొద్దులలోను పెరుగుతాయి.

ఎర్రముక్కు పురుగు కర్కులియోనిడే కుటుంబానికి చెందినది. ఎరుపు కలిసిన గోధుమ రంగు, పొడవైన ముక్కు దీని గుర్తులు. దీనిలో ప్రధానంగా హాని చేసేవి కాళ్ళు లేని పిల్ల పురుగులు. ఇవి కాండం లోపలే ఉండి మెత్తని భాగాన్ని తినివేయును. కాండంపై రంధ్రాలు, వాటి నుండి కారే గోధుమ రంగు ద్రవం, బయటకు వచ్చిన నమిలిన పీచు దీని లక్షణాలు. కాండానికి చెవి ఆనించిన కొరుకుతున్న శబ్దం వినిపించవచ్చును. లక్షణాలు బయటపడునాటికి చెట్టును కాపాడుట తరచు కష్టమగును.

ఈ రెండింటికీ గల సంబంధాన్ని రైతులు ప్రత్యేకంగా గమనించాలి. ఎర్రముక్కు పురుగు చెట్టుకు తగిలిన గాయాలలో గుడ్లు పెట్టును. కొమ్ము పురుగు చేసిన రంధ్రం కూడా అటువంటి గాయమే. కనుక మొదటి పురుగును అరికట్టుట రెండవ దాని నివారణకు తొలి మెట్టు.

కొమ్ము పురుగు నివారణకు తోటలోని కుళ్ళిన మొద్దులను తొలగించాలి. ఎరువు గుంటలలో మెటారైజియం శిలీంద్రాన్ని కలపాలి. లేత చెట్ల మొవ్వు చుట్టూ మట్టల మొదళ్ళలో 3 లేక 4 నాఫ్తలీన్ ఉండలుంచి ఇసుకతో కప్పాలి. 45 రోజులకొకసారి తిరిగి ఉంచాలి. మొవ్వులో చేరిన పురుగులను ఇనుప కొక్కెంతో తీసి చంపాలి.

ఎర్రముక్కు పురుగు నివారణకు కాండానికి గాట్లు పెట్టరాదు. పచ్చి మట్టలు నరకవలసి వచ్చినచో సుమారు 4 అడుగుల మొదలు వదలాలి. గాయాలకు తారు పూయాలి. పురుగు సోకి చనిపోయిన చెట్లను తోటలో ఉంచక నరికి, చీల్చి, కాల్చివేయాలి. రెండు పురుగులకు వేర్వేరు ఆకర్షక ఎరలు లభిస్తున్నవి. వాటితో బుట్టలు అమర్చి పెద్ద పురుగులను పట్టవచ్చును.

పెద్ద పురుగులు ఒక తోట నుండి మరొక తోటకు ఎగిరిపోగలవు. అందువలన గ్రామంలోని రైతులందరూ ఒకేసారి ఈ చర్యలు చేపట్టినప్పుడే పూర్తి ప్రయోజనం చేకూరును.