పరుల సాధనం – మన అమరిక

ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కరి చేతిపని కాదు. పలువురు రచించి, మూలాన్ని లోకానికి బహిరంగపరచిన ఓపెన్ సోర్స్ సాధనాలెన్నో అందులో చేరి ఉంటాయి. వాటిని ఏ విధంగా అమర్చాలన్న నిర్ణయం ముగ్గురిది: సాధనాన్ని రచించినవారు, సిస్టమును కూర్చినవారు, దానిని వాడే మనము.

ఉదాహరణకు, దూరాన ఉన్న కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించడానికి తోడ్పడే ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను పరిశీలిద్దాము. 1999లో ఓపెన్ బి.ఎస్.డి. బృందం దీనిని వెలువరించింది. సర్వాధికారాలు గల 'రూట్' కేవలం పాస్‌వర్డుతో ప్రవేశించరాదని 2015లో ఆ రచయితలే ముందస్తు అమరికను మార్చారు. ఆ కట్టుబాటును సడలించే వీలు మనకున్నది. తగిన కారణం ఉన్నదా అన్నదే ప్రశ్న.

కూర్పరులు చేసే మార్పులన్నీ నిరపాయమైనవి కావు. సిస్టమ్‌డి అనే సేవల నిర్వాహకంతో పొసగడానికి డెబియన్ మొదలైన కొన్ని లినక్స్ పంపిణీలు ఈ సాధనానికి అదనంగా ఒక లైబ్రరీని జోడించాయి. దాని వెంట ఎక్స్.జెడ్. అనే కుదింపు లైబ్రరీ కూడా వచ్చి చేరింది. 2024 మార్చిలో ఆ ఎక్స్.జెడ్.లో ఒక దొంగదారి బయటపడింది. అది ఎక్కువగా పరీక్షా కూర్పులలోనే పట్టుబడడం వలన పెనుప్రమాదం తప్పింది. మూల రచయితల కూర్పులో ఆ లంకె లేనే లేదు!

కనుక అవసరం రుజువైతే తప్ప మూల అమరికను మనము మార్చరాదు. మార్చినప్పుడు కారణాన్ని అమరిక ఫైలులోనే వ్రాసి ఉంచాలి. మన తరువాత ఆ యంత్రాన్ని చూసుకునేవారికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.