వరి పొలాలలో ఇళ్ల స్థలాలు: జోనింగ్ వేరు, లేఅవుట్ నిబంధనలు వేరు

(ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి గోదావరి డెల్టా రాష్ట్రానికి ధాన్యాగారంగా నిలిచింది. సుమారు 10 లక్షల ఎకరాల ఈ ఆయకట్టులో పట్టణాలకు, ప్రధాన రహదారులకు చేరువలో ఉన్న పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. ఈ మార్పును క్రమబద్ధం చేయడానికి రెండు విధాలైన నిబంధనలు ఉన్నాయి. ఒకటి జోనింగ్, రెండవది లేఅవుట్ నిబంధనలు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన అటు కొనుగోలుదారులు, ఇటు పక్క పొలాల రైతులు నష్టపోవలసి వస్తున్నది.

రెండింటి మధ్య భేదం

ఏ భూమిని ఏ అవసరానికి వినియోగించవచ్చునో జోనింగ్ నిర్ణయిస్తుంది. పట్టణ ప్రణాళికా చట్టం, 1920 క్రింద గానీ, పట్టణాభివృద్ధి సంస్థలకు సంబంధించిన చట్టాల క్రింద గానీ మాస్టర్ ప్లాన్ తయారైనపుడు నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ జోన్లు ఏర్పడతాయి. వ్యవసాయ జోన్‌లోని భూమిని నివాసాలకు వినియోగించాలంటే భూ వినియోగ మార్పిడికి ప్రభుత్వ అనుమతి పొందవలసి ఉంటుంది. 2017లో గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పాటుతో కాకినాడ, రాజమహేంద్రవరం పరిసర గ్రామాలు ఈ విధానం పరిధిలోకి వచ్చాయి.

లేఅవుట్ నిబంధనలు భూమిని ఏ విధంగా విభజించాలో తెలుపుతాయి. గ్రామ పంచాయతీల పరిధిలో వీటికి 2002 నాటి గ్రామ పంచాయతీ భూ అభివృద్ధి నియమాలు ఆధారంగా నిలిచాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం లేఅవుట్, సబ్ డివిజన్ నియమాలను జారీ చేసింది. రహదారుల వెడల్పు, మురుగు కాలువలు, తాగునీటి వసతి, మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించడం వీటిలో ముఖ్యాంశాలు. పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం సాంకేతిక ఆమోదం లేనిదే లేఅవుట్ చెల్లదు.

సంక్షిప్తంగా చెప్పాలంటే, "ఇక్కడ ఇళ్లు కట్టవచ్చునా?" అన్న ప్రశ్నకు జోనింగ్, "కట్టదలచినపుడు ఎలా విభజించాలి?" అన్న ప్రశ్నకు లేఅవుట్ నిబంధనలు సమాధానమిస్తాయి.

మూడవ అంశం: వ్యవసాయేతర మార్పిడి

వ్యవసాయ భూమి వ్యవసాయేతర మార్పిడి చట్టం, 2006 (నాలా) క్రింద రెవెన్యూ డివిజనల్ అధికారి ఇచ్చే ఉత్తర్వునే లేఅవుట్ అనుమతిగా భావించినవారు అనేకులు. వాస్తవానికి ఆ ఉత్తర్వు జోన్‌ను మార్చదు, లేఅవుట్‌ను ఆమోదించదు. ఈ చట్టాన్ని రద్దు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. దీనితో పొలం స్థలంగా మారే ముందు జరగవలసిన పరిశీలన భారం ప్రణాళికా నిబంధనల పైననే పడుతున్నది.

డెల్టాలో ప్రత్యేక సమస్య

మెట్ట ప్రాంతంలో ఒక లేఅవుట్ మంచిచెడులు చాలా వరకు దాని హద్దులలోనే ఉంటాయి. డెల్టాలో అట్లు కాదు. నేల వాలు అత్యల్పం. కాలువ నీరు పంట బోదెల ద్వారా చేను నుండి చేనుకు పారి, చివరకు యనమదుర్రు వంటి డ్రెయిన్లలో కలుస్తుంది. నడుమ ఐదెకరాలను మట్టితో మెరక చేసి ప్లాట్లు వేసినపుడు బోదె పూడిపోతే, ఎగువ చేలలో నీరు నిలుస్తుంది, దిగువ చేలకు నీరు అందదు. ఆ లేఅవుట్‌లో రహదారులు, ఖాళీ స్థలం నిబంధనల ప్రకారమే ఉండవచ్చు. అయినను నష్టం తప్పదు. ఒక్కొక్క దరఖాస్తును విడిగా పరిశీలించే విధానం గ్రామం మొత్తం నీటి పారుదలను చూడలేకపోవడమే ఇందుకు కారణం.

జోనింగ్ గ్రామాన్ని మొత్తంగా చూడగలదు. అయితే అది సకాలంలో జరగాలి. కొల్లేరు ఇందుకు నిదర్శనం. 1999లో ఐదవ కాంటూరు వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించే నాటికే అందులో చేపల చెరువులు విస్తరించి ఉన్నాయి. 2006లో వాటిని తొలగించవలసి వచ్చినపుడు ఎందరో జీవనోపాధి కోల్పోయారు. గీత ముందు గీసి ఉంటే ఆ కష్టం చాలా వరకు తప్పేది.

జోనింగ్‌కు మరొక పార్శ్వం కూడా ఉన్నది. వ్యవసాయ జోన్‌గా గుర్తించిన భూమికి స్థలాల ధర పలకదు. సాగు గిట్టుబాటు కానపుడు ఆ భారాన్ని రైతు ఒక్కడే మోయవలసి వస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినపుడు పెట్టుబడి ఖర్చులతో పాటు మురుగునీటి పారుదల లోపాన్ని కూడా కారణంగా చూపారు. కనుక పొలాన్ని పొలంగానే ఉంచాలని కోరే ప్రణాళిక, డ్రెయిన్ల పూడికతీతను కూడా తన బాధ్యతగా స్వీకరించవలసి ఉంటుంది.

క్రమబద్ధీకరణతో తీరేది కొంతే

అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2007లోను, 2020లోను నియమాలు జారీ అయ్యాయి. వీటి వలన ప్లాటు యజమానికి చట్టబద్ధత లభిస్తుంది. అయితే రుసుము చెల్లించినంత మాత్రాన వదలని ఖాళీ స్థలం తిరిగి రాదు, పూడిన బోదె తెరుచుకోదు.

పరిశీలించవలసిన అంశాలు

డెల్టా గ్రామాలలో లేఅవుట్ దరఖాస్తును పరిశీలించే అధికారులు, ఆ వివరాలను ప్రజలకు అందించే పాత్రికేయులు ఈ క్రింది అంశాలను గమనించడం అవసరం.

1. గ్రామం అమలులో ఉన్న మాస్టర్ ప్లాన్ పరిధిలో ఉన్నదా, ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉన్నది.
2. లేఅవుట్‌కు సాంకేతిక ఆమోదం, పంచాయతీ అనుమతి రెండూ లభించాయా.
3. ఖాళీ స్థలం, రహదారులు పంచాయతీ పేరున దఖలు పడ్డాయా.
4. స్థలంలో నుండి, దాని అంచున పారే బోదెలు, డ్రెయిన్లు నక్షాలో చూపబడ్డాయా, వాటిపై జలవనరుల శాఖ అభిప్రాయం తీసుకున్నారా.

మొదటి ప్రశ్న జోనింగ్‌కు, రెండు, మూడు ప్రశ్నలు లేఅవుట్‌కు చెందినవి. నాల్గవది రెండింటికీ చెందినది. డెల్టా గ్రామాలలో తక్కిన మూడింటి కంటె ముందుగా అడగవలసిన ప్రశ్న అదే.