విదేశ ప్రయాణం: కార్డు మీద వచ్చే బీమా సరిపోతుందా?

మా వార్డు నుండి డిశ్చార్జి అవుతున్న ఒక పెద్దామె నన్ను పిలిచి, "సిస్టరమ్మా, వచ్చే నెల డల్లాస్‌లో మా అమ్మాయి పురిటికి వెళ్తున్నాను. మా అబ్బాయి తన క్రెడిట్ కార్డుతో టికెట్ కొన్నాడు. దాని మీదే ఇన్సూరెన్స్ వస్తుందట. వేరేగా అక్కరలేదు కదా?" అని అడిగారు. ఆమెకు పదేళ్లుగా షుగరు, బి.పి. ఉన్నాయి. "ముందు ఆ కార్డుతో వచ్చిన షరతుల కాగితం చదివించండమ్మా" అన్నాను. ఇదే ప్రశ్న చాలా కుటుంబాలలో ఉంటుంది గనుక ఇక్కడ వివరిస్తున్నాను.

కార్డు బీమాలో ఏముంటుంది?
చాలా కార్డులలో ఉండేది విమాన ప్రమాదంలో మరణిస్తే నామినీకి ఇచ్చే సొమ్ము, సామాను పోతే కొంత పరిహారం. జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఇచ్చేవి తక్కువ. అవి ఎక్కువగా పెద్ద వార్షిక రుసుము గల కార్డులే.

ఎవరికి వర్తిస్తుంది?
సాధారణంగా కార్డు ఎవరి పేర ఉందో వారికే. కొడుకు కార్డుతో కొన్నంత మాత్రాన తల్లికి బీమా ఉన్నట్లు కాదు.

షరతులేమిటి?
టికెట్ ఆ కార్డుతోనే కొనాలని, ప్రయాణానికి ముందు ఇన్ని రోజులలో కార్డు వాడి ఉండాలని నియమాలుంటాయి. వయసు పరిమితి కూడా ఉండవచ్చు.

పాత జబ్బుల సంగతి?
అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. షుగరు, బి.పి., గుండె జబ్బు ముందే ఉంటే వాటివలన వచ్చే ఖర్చును చాలా బీమాలు ఇవ్వవు. కొన్ని పాలసీలు ప్రాణాపాయమైతే మాత్రం ఒక పరిమితి వరకు ఇస్తాయి. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని డబ్బు లేదని పంపివేయకూడదు. అయితే అది ఉచిత వైద్యం కాదు. బిల్లు తరువాత వస్తుంది. నాలుగు రోజుల ఆసుపత్రి ఖర్చు ఇక్కడ ఇల్లు అమ్మినా తీరకపోవచ్చు.

ఏమి చేయాలి?
1. బ్యాంకుకు ఫోను చేసి, "జబ్బుకు వర్తిస్తుందా? ఎవరికి? ఎంత వరకు?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.
2. పెద్దవారికి బయలుదేరక ముందే విడిగా ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోండి. పాత జబ్బులకు ఎంత ఇస్తారో చూసి ఎంచుకోండి.
3. ఫారములో జబ్బులను దాచకండి. దాచినట్లు తెలిస్తే క్లెయిము నిరాకరించవచ్చు.
4. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ, పాలసీ నంబరు, బీమా వారి 24 గంటల సహాయ ఫోను నంబరు చేతిసంచిలో ఉంచండి. మందులు కూడా పెట్టెలో కాక చేతిసంచిలోనే ఉండాలి.
5. ఆసుపత్రిలో చేరవలసి వస్తే వెంటనే ఆ నంబరుకు తెలియజేయండి.

ఆ పెద్దామె కొడుకు విచారిస్తే, ఆ కార్డు బీమా అతనికే, అదీ విమాన ప్రమాదానికేనని తెలిసింది. తల్లికి షుగరు, బి.పి. ఉన్నట్లు రాసి విడిగా పాలసీ తీసుకున్నాడు.

కార్డు బీమా ఉంటే మంచిదే, వద్దనను. సామాను పోయినప్పుడు అది ఉపయోగపడవచ్చు. ఇంట్లో పెద్దవారి ఆరోగ్యాన్ని మాత్రం దానికి వదిలివేయకండి.